ఇంటి దగ్గరి బడా, పాతపట్నం బడా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటూ మా అక్క కొడుకును ఏ బడిలో వేయాలా అని ఏడాదిగా తర్జనభర్జన పడుతున్నాం. వాడికి డిస్లెక్సియా, అంటే అక్షరాలు చదవడం, రాయడంలో ఇబ్బంది. ఇంటి దగ్గరి ఒడియా బడికి ప్రత్యేక ఉపాధ్యాయురాలు వస్తారు. ఇసుక పళ్లెంలో వేలితో అక్షరం దిద్దిస్తే వాడి ముఖం వెలిగిపోతుంది. కానీ ఆవిడ రాని రోజులే ఎక్కువ.

సరిహద్దు దాటితే ఆంధ్రలోని పాతపట్నంలో తెలుగు బడి. అక్కడ ప్రత్యేక సాయం లేదు. అయినా ఇంటి భాషే పుస్తకంలో ఉంటుంది. ప, వ తారుమారైనా కథ వింటూ ముందే నవ్వేస్తాడు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియాను వైకల్యంగా గుర్తించింది. వైకల్యం 40 శాతమని ధ్రువపత్రం వస్తే 18 ఏళ్ల దాకా ఉచిత చదువు. కాగితం సంగతి సరే, నా మొగ్గు పాతపట్నం వైపే. ఇసుక పళ్లెం ఇంట్లోనూ పెట్టుకోవచ్చు.