మందు కంటే ముందు నీళ్ళు చూసే దుకాణం

ఎం.వి.పి. కాలనీలో అక్వేరియం సామాన్లు అమ్మే చిన్న దుకాణం ఒకటుంది. విశాఖలో ఇలాంటివి చాలానే ఉన్నా దీని గురించి ప్రత్యేకంగా రాయడానికి కారణం ఒక్కటే. చేప తోక కుళ్ళుతోందని చెప్పగానే ఇక్కడ ఆంటీబయాటిక్ పొట్లం చేతిలో పెట్టరు. అక్వేరియం నీళ్ళు సీసాలో పట్టి తెమ్మంటారు.

తెచ్చిన నీళ్ళను యజమాని మన ఎదుటే పరీక్షిస్తారు. నైట్రేట్ పరీక్షకు వాడే రెండో సీసాలో రసాయనం అడుగున పేరుకుంటుంది కాబట్టి, దాన్ని బాగా కుదిపిన తర్వాతే చుక్కలు వేస్తారు. ఇంట్లో చాలామంది ఈ పని చేయక నైట్రేట్ తక్కువే ఉందనుకుంటారు. నైట్రైట్ గొట్టంలో గులాబీ రంగు కనిపిస్తే మాత్రం చేప సంగతి అలా ఉంచి ఫిల్టర్ గురించి అడుగుతారు. "మందివ్వడం నిమిషం పనండీ. అది ఫిల్టర్‌లోకి వెళ్ళి ఏం చేస్తుందో చూడాలి కదా" అన్నారాయన.

ఆ మాట అక్షరాలా నిజం. చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియాను ఫిల్టర్‌లో ఉండే కొన్ని బ్యాక్టీరియాలు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. గాలి సోకని ఇసుక పొరల్లో ఉండే మరికొన్ని బ్యాక్టీరియాలు ఆక్సిజన్‌కు బదులు ఆ నైట్రేట్‌తోనే శ్వాసించి, దాన్ని నైట్రైట్, నైట్రిక్ ఆక్సైడ్, నైట్రస్ ఆక్సైడ్ దశల మీదుగా నైట్రోజన్ వాయువుగా విడిచిపెడతాయి. ఈ డీనైట్రిఫికేషన్‌లో ఒక్కో దశకూ వేరే ఎంజైమ్ కావాలి, వాటిని బ్యాక్టీరియాలు ప్రధానంగా ఆక్సిజన్ తగ్గినప్పుడే తయారుచేసుకుంటాయి. టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ వంటి ఆంటీబయాటిక్‌లు ప్రోటీన్ల తయారీని అడ్డుకుంటాయి, ఎంజైమ్‌లూ ప్రోటీన్లే కనుక, ఉన్న ఎంజైమ్‌లు కొంతకాలం పనిచేసినా కొత్తవి రావు. నేలలో డీనైట్రిఫికేషన్ వేగాన్ని కొలిచే పరీక్షలో క్లోరాంఫెనికాల్‌ను కావాలని కలిపేది ఇందుకే. పైగా అన్ని దశలూ ఒకేసారి ఆగకపోవచ్చు. నైట్రేట్ మారడం సాగుతూ తర్వాతి దశ కుంటుపడితే నైట్రైట్ పేరుకుంటుంది, చేప రక్తం గోధుమ రంగుకు తిరిగి ఆక్సిజన్‌ను మోయలేకపోతుంది. తోక బాగుపడేలోపు చేపే పోతుంది.

డీనైట్రిఫికేషన్ చేసే బ్యాక్టీరియాల్లో సూడోమోనాస్ ఒక రకం. ఆ జాతుల్లో చాలా వాటి మీద కొన్ని మందులు సహజంగానే పనిచేయవు కాబట్టి, ప్రతి మందూ ప్రతి ఫిల్టర్‌నూ ఒకేలా దెబ్బతీయదు. యజమాని ఈ తేడాను కూడా వివరిస్తారు, భయపెట్టి కొత్త ఫిల్టర్ అంటగట్టరు. జబ్బు చేపను విడి టబ్బులోకి మార్చి అక్కడే మందు వేయమని, ఆ నీటిని యాక్టివేటెడ్ కార్బన్ గుండా పంపకుండా గెడ్డలోకి వదలవద్దని చెబుతారు. టబ్బు అద్దెకూ ఇస్తారు. ఆక్వా సాగులో నిషేధించిన క్లోరాంఫెనికాల్‌ను ఎవరడిగినా అమ్మరు. భీమిలి వైపు రొయ్యల హేచరీలున్న ఊరిలో ఈ పట్టుదల నాకు చాలా విలువైనదిగా అనిపించింది.

లోపాలూ ఉన్నాయి. నైట్రేట్ కిట్లు తరచూ అయిపోతుంటాయి. వేసవిలో నీళ్ళు మార్చడమే కష్టమయ్యే ఇళ్ళకు డీనైట్రిఫికేషన్ ఫిల్టర్ నిజంగా ఉపయోగమే గానీ ఇక్కడ దాని ధర ఎక్కువ, నీటి ధార ఎంత నెమ్మదిగా ఉండాలో చెప్పే తెలుగు కాగితం ఒక్కటీ ఇవ్వరు. ఇంటికి వచ్చి చూసే సేవ లేదు కనుక గాజువాక నుంచి వచ్చేవారు ముందుగా ఫోన్ చేసి, నీళ్ళు అదే రోజు పట్టుకుని బయలుదేరడం మంచిది.