ఆన్‌లైన్‌లో ‘అరుదైన అడవి పూల విత్తనాలు’ కొంటున్నారా? రిటర్న్ గడువు దాటకముందే ఇవి చూసుకోండి

మిద్దెతోట పెంచేవాళ్లందరికీ ఒక హెచ్చరిక. బతుకమ్మ పూలు, అడవి పూలు, నీలి గులాబీ అన్నీ కలిపి 499 రూపాయలకే అంటూ కాంబో ప్యాక్‌ల ప్రకటనలు వస్తున్నాయి. నేను తెప్పించుకున్న ప్యాక్‌లో ఒక్క కవరు మీద కూడా అమ్మినవాళ్ల చిరునామా లేదు. లాట్ నంబరు, మొలక శాతం, ప్యాక్ చేసిన తేదీ ఏవీ లేవు. చిన్న జిప్ కవరు, దాని మీద పెన్నుతో రాసిన పేరు, అంతే.

బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు అని రాసిన కవరులోంచి తోటకూర వచ్చింది. వాళ్ల తెలివంతా ఇక్కడే ఉంది. గునుగు, తోటకూర ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. రెండింటి గింజలూ నల్లగా నిగనిగలాడుతూ ఆవగింజ కన్నా చిన్నగా ఉంటాయి. అరచేతిలో పోసుకుని చూసినా తేడా తెలియదు. మొలకలు కూడా మొదట్లో దాదాపు ఒకేలా కనిపిస్తాయి. కంకి తొంగిచూసే సమయానికి ఏడు రోజుల రిటర్న్ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. “గునుగు పువ్వుకు పైసలు పెట్టి గింజలు కొంటరా ఎవరన్నా?” అని మా అత్తమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. జొన్న చేలలో కలుపుగా లేచే మొక్కే అది, నిజమే. కానీ అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు చేను ఎక్కడుంది?

ఈ వ్యాపారమంతా గడువు మీదే నడుస్తోంది. పాడైన ఫోన్ అయితే డబ్బా విప్పగానే తెలుస్తుంది. విత్తనం సంగతి తేలాలంటే వారాలు పడుతుంది, పువ్వు సంగతైతే నెలలు. రివ్యూలు చూసి కొందామన్నా అదే తంటా. ఐదు నక్షత్రాలు ఇచ్చినవాళ్లు ఏం రాశారో చదవండి: “ప్యాకింగ్ బాగుంది”, “టైమ్‌కి వచ్చింది”. పార్శిల్ అందిన రోజే రాసినవి. ఒక్కదానిలోనైనా కొన్నవాళ్ల కుండీలో పూసిన పువ్వు ఫొటో ఉందా చూడండి. నేను చూసిన పేజీలో లేదు.

అన్నిటికన్నా కోపం తెప్పించింది అడవినాభి కవరు. అగ్నిశిఖ అని కూడా అంటారు, మంటలా ఎరుపూ పసుపూ కలిసిన పువ్వు. ‘అరవై రోజుల్లో పూస్తుంది’ అని ప్రకటన. గింజ నుంచి పెంచితే ఇది పూయడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అందుకే తెలిసినవాళ్లు దుంపే నాటుతారు. పైగా దీని గింజలు గుండ్రంగా, నారింజ ఎరుపు రంగులో ఉంటాయి. నాకు వచ్చినవి బూడిద రంగు చపటా గింజలు. ఇంకో మాట, నిజమైన గింజలే పంపి ఉంటే మరింత ప్రమాదం. ఈ మొక్కలో దుంప నుంచి గింజ దాకా అన్నిట్లోనూ కోల్చిసిన్ అనే విషం ఉంటుంది, నోట్లో పెట్టుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. చిన్నపిల్లలున్న ఇళ్లకు పంపే కవరు మీద ఆ హెచ్చరిక ఒక్క ముక్క లేదు.

నీలి గులాబీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నీలం రంగునిచ్చే వర్ణద్రవ్యం గులాబీలో సహజంగా లేదు. జన్యుమార్పిడితో తయారుచేసి 2009లో జపాన్‌లో అమ్మకానికి పెట్టిన పువ్వు కూడా లేత ఊదా రంగులోనే ఉంది. అసలు గులాబీ గింజ వేస్తే తల్లి మొక్కలాంటి పువ్వే వస్తుందన్న నమ్మకం లేదు, అందుకే అంట్లు కడతారు. నీలం, నలుపు, ఏడు రంగుల గులాబీ గింజలు అని ఎక్కడ కనిపించినా ఆ అమ్మకందారు దగ్గర మిగతావి కూడా కొనకండి.

‘అడవి పూల మిక్స్’ అన్న కవరులోంచి క్యారట్ ఆకులాంటి మొలకలు లేచాయి. వయ్యారిభామ! దీనివల్ల చర్మం దురద, ఆయాసం వస్తాయని తెలిసిందే. ఒక్క మొక్క పూసి గింజ కట్టిందంటే వేల గింజలు రాలుతాయి. మీ కుండీలో కనిపిస్తే పూతకు రాకముందే చేతికి తొడుగు వేసుకుని వేళ్లతో సహా పీకేయండి.

ఇప్పటికే ఆర్డర్ పెట్టినవాళ్లు పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. ప్రతి కవరులోని గింజల్నీ తెల్ల కాగితం మీద పోసి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీసుకోండి. ఆ ఫొటోను నమ్మకమైన వృక్షశాస్త్ర పేజీల్లోని గింజల బొమ్మలతో పోల్చితే సగం మోసం మట్టిలో వేయకముందే బయటపడుతుంది. అదే రోజు ఓ పది గింజల్ని తడి టిష్యూలో చుట్టి డబ్బాలో పెట్టండి. గునుగులాంటివి మామూలుగా వారం పది రోజుల్లో మొలకెత్తాలి.

అలాగని మొలవనిదంతా మోసం అనుకోకండి. తంగేడు గింజ పైపొర చాలా గట్టిది. గరుకు కాగితంతో కొద్దిగా రుద్దో, వేడినీళ్లలో వేసి రాత్రంతా నానబెట్టో నాటకపోతే అసలైన గింజ కూడా చాలాకాలం కదలకపోవచ్చు. గునుగు గింజను లోతుగా పూడ్చినా పైకి రాదు, మట్టి మీద చల్లి పలచగా కప్పాలి.

ట్రాకింగ్‌లో పార్శిల్ విదేశం నుంచి వస్తున్నట్టు కనిపిస్తే వద్దనేయండి. బయటి దేశాల విత్తనాలకు దిగుమతి అనుమతి, ఆ దేశం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. అడగకుండా వచ్చే అనుమానాస్పద విత్తన పార్శిళ్ల గురించి కేంద్ర వ్యవసాయ శాఖ 2020లోనే హెచ్చరించింది. తిరుమల కొండల్లో పెరిగే పేరిత అనే అరుదైన మొక్క, మేఘాలయ కీటకాహార మొక్క లాంటివి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి. అనుమతి లేనివాళ్లు వాటి గింజలు అమ్ముతామంటే అది అబద్ధమైనా కావాలి, నేరమైనా కావాలి.

ఫిర్యాదు మాత్రం వదలకండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. “విత్తనాలకు గ్యారంటీ లేదు” అని అమ్మకందారు నాకు జవాబిచ్చాడు. మొలవలేదని కాదు, చెప్పిన విత్తనం కాక వేరేది పంపారని రాయండి. తోటకూర ఫొటో ముందు ఆ మాట చెల్లదు. నా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. పెన్నుతో పేర్లు రాసిన జిప్ కవర్లు మీకూ వచ్చి ఉంటే, కవరుతో పాటు గింజల ఫొటోలు కింద పెట్టండి. వాటినీ జతచేస్తాను.