సుబేదారు గారి టైపింగ్ కొట్టు, శ్రీకాకుళం: పెన్షన్ కాగితాలున్నవాళ్లకి బాగా పనికొస్తుంది

పాలకొండ రోడ్డులో మేడమెట్ల కింద ఉంటుంది. బోర్డు వెలిసిపోయింది, టీ కొట్టులో అడిగితే చూపిస్తారు. ఆర్మీలో నాయక్‌గా చేసిన మా మామగారికి డిసెబిలిటీ పెన్షన్ మీద పెట్టిన రెండో అప్పీలు కూడా కొట్టేశారు. ఆ ఉత్తరం పట్టుకుని వెళ్లాం.

సుబేదారు గారు ఉత్తరం విప్పకుండానే "కవరేదీ బాబూ, పారేసీసారా?" అన్నారు. మా అత్తగారు చిత్తుకాగితం కూడా పారేయరు కాబట్టి కరెంటు బిల్లుల కట్టలో దొరికింది. ఉత్తర్వు తేదీకీ, కవరు మీద పోస్టాఫీసు ముద్రకీ నెలకి పైనే తేడా. సైనికుల సర్వీసు, పెన్షన్ కేసులు వినే సాయుధ దళాల ట్రిబ్యునల్‌కి వెళ్లాలంటే ఆఖరి ఉత్తర్వు తేదీ నుంచి 6 నెలలు గడువట. అప్పీలు పెట్టి 6 నెలలైనా జవాబు రాకపోతే, ఆపైన మరో 6 నెలల్లో వేయాలి. గడువు దాటినా సరైన కారణం చూపిస్తే తీసుకోవచ్చు. ఆ కారణానికి కవరే సాక్ష్యం.

అంతకుముందు ఒక వకీలు గుమస్తా "పెన్షన్‌కి గడువేటండీ, ఎప్పుడైనా వేసుకోవచ్చు" అని ధీమాగా చెప్పాడు. సగం నిజమే, అందుకే నమ్మేశాం. పెన్షన్ నెలనెలా రావాల్సిన డబ్బు కాబట్టి ఆలస్యమైనా కోర్టులు వింటాయి. కానీ బకాయిల సంగతి వేరు. తర్సేమ్ సింగ్ అనే ఆయన 1983లో సైన్యం నుంచి బయటికొచ్చి, 1999లో హైకోర్టుకెక్కారు. 2008లో సుప్రీంకోర్టు ఆయనకి బకాయిలు కేసు వేయడానికి ముందు సుమారు 3 ఏళ్లకే ఇచ్చింది. మిగతా ఏళ్ల డబ్బు పోయినట్టే. ఈ ముక్క గుమస్తా చెప్పలేదు.

సుబేదారు గారు కేసు వేయరు, వేస్తానని ఆశ కూడా పెట్టరు. మన రాష్ట్రానికి ఆ ట్రిబ్యునల్ చెన్నై బెంచి, వకీలుని మనమే చూసుకోవాలి. ఆయన తేదీల వరస, సర్వీసు వివరాలు, హిందీ ఉత్తరాల సారాంశం వకీలుకి నేరుగా ఇచ్చేలా టైపు చేసిపెడతారు. 600 తీసుకున్నారు, ఎక్కువేం కాదు.

ఇబ్బందులంటారా, కూర్చోడానికి ఒకే కుర్చీ. కరెంటు పోతే పని ఆగిపోతుంది. మధ్యాహ్నం ఫోనెత్తరు, నిద్రపోతారనుకుంటా. జిరాక్స్ మిషను లేదు, డిశ్చార్జి బుక్కు, మెడికల్ బోర్డు కాగితాల కాపీలు బయటే తీయించుకుని వెళ్లండి.