పాలగడ్డను కరిగిస్తుందని అమ్మే వైబ్రేటింగ్ మసాజర్ల జోలికి వెళ్లకండి

పాలిచ్చే తల్లులు, వారికోసం ఏదైనా కొనిపెట్టాలని చూస్తున్న భర్తలు, అక్కచెల్లెళ్లు దయచేసి ఇది చదవండి. రొమ్ములో పాలు గడ్డకట్టినట్టు అనిపించినప్పుడు ఆ గడ్డను కరిగించి బయటికి తెస్తాయని చెబుతూ చిన్న చిన్న మసాజర్లు అమ్ముతున్నారు. వాటిలో వేడి ఉంటుంది, కంపనం ఉంటుంది. కొనకండి. ఇప్పటికే కొని ఉంటే గట్టిపడిన చోట ఆనించకండి. చన్నీళ్ల కాపడంతో, కాస్త విశ్రాంతితో తగ్గే అవకాశమున్న నొప్పి, ఆ పరికరం వాడాక నా విషయంలో జ్వరం దాకా, యాంటీబయాటిక్ మందుల దాకా వెళ్లింది.

నేను కొన్నది అరచేతిలో ఇమిడిపోయే సిలికాన్ పరికరం. ఒక చివర గుండ్రంగా, రెండో చివర కోసుగా ఉంటుంది. వేగం పెంచడానికి ఒక మీట, వేడికి ఇంకొకటి. డబ్బా మీద రొమ్ము లోపలి బొమ్మ ఉంది. అందులో ఒక గొట్టం, గొట్టంలో బిరడాలా తెల్లటి పాలముద్ద, పక్కనే ఆ ముద్దను ముక్కలు చేస్తున్న మసాజర్. లోపల మడతపెట్టిన కాగితంలో కోసు చివరను గడ్డ మీద గట్టిగా నొక్కిపెట్టి, అది మెత్తబడేవరకు తిప్పుతూ ఉండాలని, నొప్పి వస్తే అది పని చేస్తున్నట్టేనని రాసి ఉంది. ఎప్పుడు ఆపాలో, ఎవరు వాడకూడదో ఒక్క ముక్క లేదు.

అందులో చెప్పినట్టే వాడాను. వాడుతున్నంతసేపూ కాస్త తిమ్మిరెక్కి హాయిగానే అనిపించింది. కొన్ని గంటలు గడిచాక ఆ చోటు ఇంకా గట్టిపడి, సలపడం మొదలైంది. కోసు ఆనిన చోట చిన్న గుండ్రటి మచ్చ కమిలి కనిపించింది, దాని చుట్టూ చర్మం ఎర్రబడి వేడిగా ఉంది. బిడ్డకు ఆ వైపు పట్టిస్తే పాలు సరిగా చేపుకు రాలేదు. అమ్మినవారిని అడిగితే వేగం పెంచి, ఇంకాసేపు నొక్కమని జవాబు వచ్చింది. ఈ ఒక్క సలహా కోసమే ఈ హెచ్చరిక రాయాలనిపించింది. అప్పటికే వాచి, కమిలిన చోట ఇంకా గట్టిగా నొక్కమంటున్నారు, అదీ ఒళ్లు ఇంకా కోలుకోని బాలింతతో! చలిజ్వరం వచ్చాక డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ మొట్టమొదట ఆపించింది ఆ మసాజర్‌నే. స్కాన్‌లో చీము లేదని తేలింది, మందులతో తగ్గింది.

అసలు ఆ డబ్బా మీది బొమ్మే తప్పు. పాల నాళాలు ఒకదానితో ఒకటి అల్లుకుని ఉండే సన్నటి దారులు. ఒకే గొట్టంలో ఒకే ముద్ద అడ్డుపడి కూర్చోవడం కాదు జరిగేది. చుట్టూ ఉన్న కణజాలం వాచి, అక్కడ నీరు చేరి, రక్తనాళాలు ఉబ్బి, ఆ ఒత్తిడికి నాళాలు బయటినుంచి నొక్కుకుపోయి ఇరుకవుతాయి. చేతికి తగిలే గట్టిదనంలో ఎక్కువ భాగం ఆ వాపే. వాచిన చీలమండను పిసికితే ఏమవుతుందో ఇక్కడా అంతే అవుతుంది. నొక్కినకొద్దీ సన్నటి రక్తనాళాలు దెబ్బతిని వాపు పెరుగుతుంది, వాపు పెరిగితే దారి ఇంకా మూసుకుంటుంది. వేడి కొందరికి హాయినిస్తుంది గాని, అది రక్తనాళాలను ఇంకా విప్పార్చి వాపును పెంచవచ్చు.

ఇది నా ఒక్కదాని అనుభవం మీద చెబుతున్న మాట కాదు. అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ అనే అంతర్జాతీయ వైద్యుల సంస్థ 2022లో విడుదల చేసిన 36వ ప్రొటోకాల్, అంటే వైద్యులకు ఇచ్చే మార్గదర్శకం, ఈ విషయం మీదే. గట్టి మసాజు వద్దని, ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్‌లు, అమ్మకానికి వచ్చే వైబ్రేటింగ్ పరికరాలు వాడవద్దని అందులో స్పష్టంగా ఉంది. వేడికి బదులు చల్లదనం, పిసకడానికి బదులు విశ్రాంతి, వాపు తగ్గించే మందు అన్నది దాని సారాంశం. అంతకుముందు చాలాకాలం వేడి కాపడం పెట్టి, బాగా పిసికి, రొమ్మును పూర్తిగా ఖాళీ చేయమనే చెప్పేవారు. పెద్దవాళ్లు ఆ మాటే చెబితే ప్రేమతోనే చెబుతున్నారని గుర్తుంచుకోండి, కానీ వైద్యుల మాట మారిందని వాళ్లకు నెమ్మదిగా వివరించండి. అమ్మేవాళ్లు మాత్రం ఆ పాత మాటనే పట్టుకుని వ్యాపారం చేస్తున్నారు, వాళ్లను క్షమించడం నా వల్ల కాదు.

మరి ఏం చేయాలి? ఐస్‌ను పలుచటి బట్టలో చుట్టి ఆ చోట కాసేపు ఉంచాలి, తీసేయాలి, మళ్లీ పెట్టుకోవాలి. ఐస్‌ను నేరుగా చర్మానికి ఆనించకూడదు. ఐబుప్రోఫెన్ నొప్పితో పాటు వాపును కూడా తగ్గిస్తుంది, పారాసిటమాల్ నొప్పికి, జ్వరానికి పని చేస్తుంది. రెండూ సాధారణంగా పాలిచ్చే తల్లులు వాడదగినవే. అయినా కడుపులో పుండు, కిడ్నీ సమస్య, ఆస్తమా వంటివి ఉన్నవారు డాక్టరును అడగకుండా ఐబుప్రోఫెన్ వేసుకోవద్దు. చేత్తో ఏదైనా చేయాలనిపిస్తే, వేళ్లతో చర్మం మాత్రమే కదిలేంత తేలికగా, చంక వైపు, మెడ కింది ఎముక వైపు నిమిరితే చాలు. చేరిన నీరు ఆ దారినే పోతుంది. బిగుతుగా నొక్కే లోదుస్తులు, ఒకేచోట ఒరుసుకునే సంచి పట్టీలు పక్కన పెట్టండి.

బిడ్డకు ఆకలేసినప్పుడల్లా ఎప్పటిలాగే పాలివ్వండి. గడ్డ ఉన్న వైపు పాలు బిడ్డకు హాని చేయవు, మానేయాల్సిన పని లేదు. అలాగని గడ్డ పోవాలని అదే పనిగా అదనంగా పట్టించడం, పైగా పంపుతో చుక్క మిగలకుండా తీయడం కూడా పొరపాటే. ఎంత తీస్తే శరీరం అంత తయారు చేస్తుంది. ఎక్కువ పాలు, ఎక్కువ ఒత్తిడి, మళ్లీ వాపు. ఇలా నెలల తరబడి గడ్డలతో బాధపడే తల్లులున్నారు. వాళ్లకు అమ్మేది కూడా ఇంకా బలంగా లాగే పంపునే.

మసాజర్‌తో కలిపి సెట్‌గా వచ్చే వస్తువుల గురించి కూడా చెప్పాలి. పంపు గరాటు, అంటే రొమ్ముకు ఆనించే భాగం, ఒకే సైజులో ఇస్తారు. బజారులో ఎక్కువగా 24, 28 మిల్లీమీటర్లవే దొరుకుతాయి గాని, చాలామందికి అంతకన్నా చిన్నవి కావాలి. చనుమొన మొదట్లో వెడల్పు కొలుచుకుని, దానికి సరిపడే సైజు విడిగా దొరుకుతుందో లేదో తెలుసుకున్నాకే పంపు కొనండి. సరిపడని గరాటు చనుమొనను ఒరిపిస్తుంది, పాలనూ సరిగా తీయదు. కొన్ని సెట్లలో చనుమొన మీద కనిపించే తెల్లటి చుక్కను గిల్లడానికి సూదిలాంటి పనిముట్టు ఉంటుంది. దాన్ని తీసి పారేయండి, ఆ చుక్కను ఎవరూ ఇంట్లో పొడవకూడదు. ఎప్సమ్ ఉప్పు కలిపిన నీళ్లు పోసి రొమ్ముకు తగిలించుకోమనే సిలికాన్ పంపులూ అంతే. చర్మం నాని చిట్లడం తప్ప ఒరిగేది లేదు.

కొనేముందు చూసే రివ్యూల విషయానికొస్తే, వాడగానే తగ్గిపోయిందని చాలామంది రాస్తారు. వాళ్లు అబద్ధం చెబుతున్నారని నేననను. ఈ వాపు చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది, ఆ సమయంలో చేతిలో ఏ పరికరం ఉంటే పేరు దానికి వస్తుంది. తక్కువ స్టార్లు ఇచ్చిన రివ్యూలను వెతికి చదవండి, కమిలిందని, జ్వరం వచ్చిందని రాసినవి అక్కడే ఉంటాయి. ప్రకటనలో అల్ట్రాసౌండ్ అనే మాట కనిపిస్తే ఇంకాస్త జాగ్రత్తగా ఉండండి. ఈ సమస్యకు శబ్ద తరంగాలతో చేసే థెరప్యూటిక్ అల్ట్రాసౌండ్ అనే చికిత్స నిజంగానే ఉంది, దాన్ని శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టులు చేస్తారు. బ్యాటరీతో వణికే సిలికాన్ ముక్కకూ దానికీ ఏ సంబంధమూ లేదు.

జ్వరం, వణుకు, ఒళ్లునొప్పులు, చర్మం మీద విస్తరిస్తున్న ఎరుపు ఉండి 24 గంటల్లో తగ్గుముఖం పట్టకపోతే డాక్టరును కలవాలి. ఒళ్లు బాగా నీరసించిపోతుంటే అంతవరకూ కూడా ఆగవద్దు. గడ్డ మెత్తగా నీటి బుడగలా తగులుతూ విపరీతంగా నొప్పి పెడితే చీము పట్టి ఉండవచ్చు. స్కాన్ చేసి, అవసరమైతే సూదితో తీస్తారు, ఆ తర్వాతా పాలివ్వవచ్చు. ఎన్ని రోజులైనా అదే చోట కదలకుండా ఉన్న గడ్డను పాలగడ్డేలే అని వదిలేయకండి. అరుదుగా అది వేరే జబ్బు కూడా కావచ్చు, స్కాన్ చేయిస్తేనే తెలుస్తుంది.

ఇక డబ్బు సంగతి. శరీరానికి తగిలే వస్తువు కాబట్టి సీలు తీశాక వెనక్కి తీసుకోబోమన్నారు. దానికి బదులు ఇంకా ఎక్కువ వేగమున్న మోడల్ పంపిస్తామన్నారు, వద్దన్నాను. వాపసు నిబంధన ఇలాగే ఉంటే పెట్టె విప్పేముందే ఆలోచించుకోండి. కమిలిన చోటి ఫొటో, వాడుక కాగితం ఫొటో, డాక్టరు చీటీ జతచేసి, వస్తువు నచ్చలేదని కాకుండా గాయమైందని ఫిర్యాదు రాశాను. మీలో ఎవరికైనా ఇలాంటిదే జరిగి ఉంటే ఆ వస్తువు కింద రివ్యూలో జరిగింది జరిగినట్టు, ఆ గాయం గురించి కూడా రాయండి. నేను కొన్న చోట ఆ ప్రకటన ఇప్పటికీ ఒక్క అక్షరం మారకుండా అలాగే ఉంది.