నేను, మనం, మీరు: ఆరేళ్లు వాడాక ఒక లెక్కల పీరియడ్ సమీక్ష

"అర్థమైందా?" అంటే "అయింది సార్" అని క్లాసంతా ఒక్క గొంతుతో అనేస్తుంది. ఆ మాట నమ్మి అభ్యాసం మొదలుపెట్టిస్తే సగం పెన్నులు కదలవు. ఈ తంతుకు విరుగుడుగా చెప్పే పద్ధతి 'నేను చేస్తాను, కలిసి చేద్దాం, మీరు చేయండి'. 8వ తరగతి, 40 మంది పిల్లలు, 45 నిమిషాల పీరియడ్, ఆరేళ్ల వాడకం. పద్ధతి మంచిదే. కానీ దాని ప్రాణమంతా నడిమి మెట్టులో ఉంది, సిలబస్ తరుముకొస్తే మనం ముందు కోసేసేదీ దాన్నే.

1983లో విద్యా పరిశోధకులు పియర్సన్, గాలహర్ ఈ మెట్లను రాసింది చదివి అర్థం చేసుకునే పాఠాల కోసం. లెక్కల్లోకి తెచ్చుకునేటప్పుడు కొంత మార్చుకోక తప్పదు. నిలదొక్కుకున్న లెక్క ఇది: పాతవి గుర్తుచేయడానికి 5 నిమిషాలు, బోర్డు మీద చెప్పడానికి 12, కలిసి చేయడానికి 12, సొంతంగా 13, చివర్లో ఒక లెక్క రాయించుకునే చీటీకి 3. ఆ 12 నిమిషాల చెప్పడం కూడా ఒక్క బిగిన కాదు, రెండు ముక్కలుగా. మాస్టారు ఎంత తక్కువ మాట్లాడితే అంత గొప్ప పాఠమని ఈమధ్య శిక్షణల్లో వినిపిస్తోంది, అది సగం నిజమే. విద్యా పరిశోధకుడు రోసెన్‌షైన్ 2012 వ్యాసంలో చెప్పినదాని ప్రకారం 40 నిమిషాల లెక్కల పీరియడ్‌లో బాగా నేర్పిన టీచర్లు చెప్పడానికీ చేసి చూపడానికీ ప్రశ్నలకూ కలిపి 23 నిమిషాల దాకా తీసుకున్నారు, అంతగా నేర్పలేనివారు 11. మన 12 ప్లస్ 12 దాదాపు అక్కడికే వస్తుంది.

నడిమి మెట్టుకు కావలసింది పలక. పాత రాతి పలకైనా, ప్లాస్టిక్ కవర్లో పెట్టిన తెల్లకాగితమైనా సరే. మార్కర్లు మూతలు పోయి ఎండిపోతాయి కాబట్టి రాతి పలక, చాక్‌పీసు, తడిగుడ్డే నయం. జవాబు పెద్ద అంకెల్లో రాసి, పలక బోర్లా పెట్టి, "మూడు, రెండు, ఒకటి" అన్నాక అందరూ ఒకేసారి ఎత్తాలి. ఎవరికి వారు ఎత్తితే ముందు లేచిన పలక చూసి మిగతావి మారిపోతాయి.

లెక్క ఎంపికలో జాగ్రత్త అవసరం. 5 − 2(ఎక్స్ − 3) = 3 ఇస్తే జవాబు 4. అయితే ముందే 5లోంచి 2 తీసేసి 3(ఎక్స్ − 3) = 3 అని చేసినవాడికీ 4 వస్తుంది. పలకలన్నీ సరిగ్గా ఉంటాయి, తప్పు దాక్కుంటుంది. దానికి బదులు 9 − 2(ఎక్స్ − 3) = 1 ఇవ్వండి. సరైన జవాబు 7. బ్రాకెట్ విప్పేటప్పుడు రెండో గుర్తు మార్చనివాడు 9 − 2ఎక్స్ − 6 రాస్తాడు, వాడి పలక మీద 1 ఉంటుంది. 9లోంచి 2 ముందే తీసేసినవాడికి 22/7 వస్తుంది (అది π విలువ అనుకుని మురిసిపోయేవాళ్లూ ఉంటారు). ఏ పిల్లాడు ఎక్కడ జారాడో అంకెలే చెప్పేస్తాయి, నోటుబుక్కు తెరవక్కర్లేదు.

40లో 32 పలకలు సరిగ్గా ఉంటే సొంతంగా చేయనివ్వవచ్చు. రోసెన్‌షైన్ చెప్పే 80 శాతం దరిదాపులకే ఈ అంకె వస్తుంది. 25 దగ్గర ఆగితే మళ్లీ బోర్డు దగ్గరికే. అన్నీ సరిగ్గా వచ్చాయంటే లెక్క మరీ తేలికైందని.

కలిసి చేయడం నుంచి సొంతానికి ఒక్క గెంతు వేయించకూడదు. మొదట పూర్తిగా చేసిన లెక్క, పక్కనే అలాంటిదే ఒకటి. తర్వాత సాధనలో చివరి వరుస ఖాళీగా వదిలినది, ఆపైన చివరి రెండు వరుసలు ఖాళీవి. చేసి చూపిన లెక్కలతో బీజగణితం త్వరగా పట్టుబడుతుందని పరిశోధకులు స్వెల్లర్, కూపర్ 1985లోనే చూపారు. బోర్డు మీది లెక్క పొల్లుపోకుండా నోట్సులోకి ఎక్కించడాన్ని మాత్రం అభ్యాసంలో లెక్కకట్టకండి. చేయి ఆడుతుంది, బుర్ర ఆడదు. చెప్పేటప్పుడు పెన్నులు కింద పెట్టించండి.

లోపాలూ ఉన్నాయి. ముందే వచ్చిన ఐదారుగురికి కలిసి చేసే 12 నిమిషాలు విసుగు. వాళ్లను అదే జవాబు వచ్చే కొత్త సమీకరణం తయారుచేయమనాలి. రేఖాగణిత నిరూపణలకు పలక చాలదు. గుర్తులతో కూడికలు, తీసివేతలే రాని పిల్లలకు ఈ పీరియడ్ ఏ మెట్టు దగ్గరా అందదు, వాళ్లకు విడిగా వేరే సమయం కావాలి. 35 నిమిషాల పీరియడ్ అయితే సొంతంగా చేసేదాన్ని 7కు, చెప్పడాన్ని 8కి తగ్గించండి. నడిమి మెట్టును ముట్టుకోవద్దు.

చివరి మూడు నిమిషాల్లో అర కాగితం మీద ఒకే లెక్క. స్టాఫ్ రూములో జవాబుల ప్రకారం కుప్పలు పెడితే ఐదు నిమిషాల పని. తప్పుల్లో పెద్ద కుప్ప ఏదో, మర్నాడు మొదటి ఐదు నిమిషాల లెక్క అందులోంచే.