మైపాడు ఇసుక నుంచి ఉదయగిరి దుర్గం దాకా: హామ్ రేడియో వాళ్లకు ఏ చోటు పనికొస్తుంది

80 డిగ్రీల తూర్పు రేఖాంశం నెల్లూరు ఊరిని ఆనుకునే పోతుంది. మామూలు యాత్రికుడికి దాంతో పనిలేదు కానీ హామ్ రేడియో వాళ్లకు, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా సొంత రేడియో స్టేషన్ నడిపేవాళ్లకు, అదొక సరిహద్దు. వాళ్లు ప్రపంచ పటాన్ని గళ్లుగా విడదీసి ఒక్కో గడికి పేరు పెట్టుకున్నారు, ఆ గడినే గ్రిడ్ అంటారు. ఆ రేఖకు పడమర ఎంకే94 గ్రిడ్, తూర్పున ఎన్‌కే04. పొద్దున నెల్లూరు ట్రంకు రోడ్డులో టిఫిన్ తిన్నది ఒక గ్రిడ్ అయితే, ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో మైపాడు ఇసుకలో యాంటెన్నా నిలబెట్టేది ఇంకో గ్రిడ్. కొత్తపట్నం ఎన్‌కే05లో ఉంది. ఉదయగిరి, పెంచలకోన మళ్లీ ఎంకే94. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో పడమటి కొసన ఉన్న భైరవకోన ఎంకే95. అంటే ఒక శని, ఆదివారాల్లో కారు తిప్పితే నాలుగు గ్రిడ్‌ల నుంచి సీక్యూ (ఎవరైనా వింటే జవాబివ్వండి అనే పిలుపు) పిలవొచ్చు. క్లబ్బు ఫీల్డ్ డేకి (ఆరుబయట స్టేషన్లు పెట్టి పనిచేసే రోజుకి) ఈ ప్రాంతాన్ని ఎంచుకోవడానికి ఆ కారణం చాలు. అయితే ఈ చోట్లన్నిట్లో ఒకే యాంటెన్నా, ఒకే పద్ధతి పనిచెయ్యవు. చూడ్డానికి బాగున్న చోటల్లా వినడానికి బాగుండదు. అందుకే ఎక్కడికెళ్లినా ముందు నాయిస్ (రేడియోలో వచ్చే గరగర) ఎంతుందో వినండి, ఆ తర్వాతే రూము సంగతి మాట్లాడండి.

మైపాడు దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది. ఇందుకూరుపేట దాటి బీచ్ వైపు వెళ్తుంటే దారికి రెండు పక్కలా రొయ్యల గుంటలు. ప్రతి గుంటలో ఏరియేటర్లు, వాటి మోటార్లు, వాటికోసం లాగిన 11 కేవీ లైన్లు. ఉప్పుగాలికి ఇన్సులేటర్ల మీద తెల్లటి పొర పడుతుంది. రాత్రి మంచు దిగేసరికి ఆ పొర తడిసి సన్నగా స్పార్కింగ్ మొదలవుతుంది. గుంటల పక్కన 7 మెగాహెర్ట్జ్ పెడితే ఎస్ మీటర్ (రేడియోలో సిగ్నల్ బలం చూపేది) 9 దగ్గర నిలబడి కిందికి దిగదు. మనం పిలిస్తే అవతలివాళ్లు వింటారు, వాళ్ల జవాబు మనకు వినపడదు. కాబట్టి గుంటల మధ్య గట్టు ఎంత వెడల్పుగా, ఎంత సౌకర్యంగా కనిపించినా అక్కడ దిగొద్దు. ఆఖరి కరెంటు స్తంభం నుంచి కనీసం 200 మీటర్లు ఇసుకలోకి నడవాలి. షార్ట్‌వేవ్ బ్యాండ్ ఉన్న చిన్న ట్రాన్సిస్టర్ ఒకటి చేతిలో పట్టుకుని నడవండి. స్టేషన్ లేని చోట ముల్లు నిలిపితే, గరగర ఎక్కడ తగ్గిందో చెవికే తెలిసిపోతుంది. స్తంభం దగ్గర కంటే పది అడుగుల పక్కనే నాయిస్ సగమైతే అది స్థానిక స్పార్కింగ్. ఎంత నడిచినా అదే మోతలో ఉంటే అది వాతావరణంలో ఉన్నది, చోటు మార్చినా పోదు.

నీటి అంచుకు చేరాక మాత్రం మైపాడుకు సాటి లేదు. ఉప్పునీరు కరెంటును బాగా ప్రసరింపజేసే చక్కటి గ్రౌండ్ కాబట్టి నిలువు యాంటెన్నా నుంచి సిగ్నల్ చాలా తక్కువ కోణంలో, దూరం వైపు బయల్దేరుతుంది. 14.2 మెగాహెర్ట్జ్‌కి పావు వేవ్‌లెంగ్త్ (తరంగం పొడవులో నాలుగో వంతు) తీగ 5.02 మీటర్లు. 6 మీటర్ల ఫైబర్ గ్లాస్ గాలపు కడ్డీకి తీగ చుట్టకుండా నిటారుగా కట్టండి. కింద, ఇసుకకు ఒక మీటరు ఎత్తులో, అంతే పొడవున్న రెండు రేడియల్స్ (అడ్డంగా పరిచే తీగలు) ఎదురెదురుగా సాగదీయండి. ఫీడ్ పాయింట్ (కేబుల్ యాంటెన్నాకు కలిసే చోటు) దగ్గర కోయాక్స్‌నే, అంటే రేడియో నుంచి వచ్చే కేబుల్‌నే, ఏడెనిమిది చుట్లు చుట్టి చోక్ పెట్టాలి. లేకపోతే కోయాక్స్ పైనుండే లోహపు అల్లిక కూడా రేడియల్‌లా పనిచేసి మైకు పట్టుకున్న చేతికి చురుక్కుమంటుంది. నీటి అంచుకు ఒకటి రెండు వేవ్‌లెంగ్త్‌ల లోపు, అంటే 20 నుంచి 40 మీటర్ల లోపు ఉంటేనే ఈ లాభం దక్కుతుంది. పోటు చూసుకుని గడ పాతండి. అమావాస్యకు, పౌర్ణమికి నీళ్లు మామూలుకంటే ముందుకొస్తాయి.

ఇంకో సంగతి మరిచిపోకూడదు. సముద్రం మనకు తూర్పున ఉంది. కాబట్టి ఈ ఉప్పునీటి లాభమంతా అండమాన్, ఇండోనేషియా, ఆస్ట్రేలియా, జపాన్ వైపే. యూరప్ పడమర వాయవ్యంగా నేల మీదుగా ఉంటుంది. సాయంత్రం యూరప్ కోసమే వచ్చేవాళ్లు బీచ్‌కి రావాల్సిన పనే లేదు, కొండ మీద డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపి రెండు వైపులా సాగదీసే తీగ యాంటెన్నా) కట్టుకోవడం మేలు.

ఇసుకలో మేకులు నిలవవు. ఖాళీ సిమెంటు బస్తాలో సగం దాకా ఇసుక నింపి, తాడు కట్టి, అరమీటరు లోతున పూడ్చాలి. 120 డిగ్రీలకొకటి చొప్పున అలాంటివి మూడుంటే 9 మీటర్ల వెదురు గడ మధ్యాహ్నం సముద్రపు గాలికి కూడా కదలదు. గడలు, నైలాన్ తాళ్లు పల్లెపాలేల్లో దొరుకుతాయి. పడవలు లాగే దారి, వలలు ఆరేసే చోటు ఏవో పాలెం పెద్దల్ని అడిగి తెలుసుకున్నాకే గడ ఎత్తండి. వేకువన పడవ ఒడ్డుకొచ్చేటప్పుడు ఆ దారిలో మన తాడు అడ్డం ఉంటే చాలా ప్రమాదం. తిరిగి వెళ్లేటప్పుడు కనెక్టర్లన్నీ మంచినీళ్లతో తడిపిన గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. అలా వదిలేస్తే పీఎల్-259 కనెక్టర్ లోపల వారానికే పచ్చటి చిలుము పడుతుంది. ఈ కనెక్టర్లు నెల్లూరులో మామూలు ఎలక్ట్రికల్ షాపుల్లో అడిగితే టీవీ కేబుల్ కనెక్టర్ తీసి చూపిస్తారు. నాలుగైదు అదనంగా వెంట తెచ్చుకోండి, లేదా చెన్నై రిచీ స్ట్రీట్‌లో ముందే కొనిపెట్టుకోండి.

కొత్తపట్నం బీచ్ ఒంగోలుకు దగ్గర. ఇక్కడి గొప్ప సరుగుడు తోపులే. 40 మీటర్ల (7 మెగాహెర్ట్జ్) బ్యాండ్ ఇన్వర్టెడ్ వీ, అంటే మధ్య ఎత్తుగా ఉండి రెండు కాళ్లు కిందికి వాలే డైపోల్, కట్టడానికి గడ మోసుకురానక్కర్లేదు. తోట యజమానిని అడిగి గట్టి చెట్టు మీదుగా తాడు వేస్తే చాలు. 7.1 మెగాహెర్ట్జ్‌కి ఒక్కో కాలు లెక్క ప్రకారం 10.05 మీటర్లు. 10.4 దగ్గర కత్తిరించుకుని మొదలుపెట్టి, అక్కడే మీటర్ చూస్తూ తగ్గించండి. ఇంటి డాబా మీద ట్యూన్ చేసి తెచ్చిన తీగ తడి ఇసుక మీద వేరేగా ప్రవర్తిస్తుంది, రెసొనెన్స్ (అది సరిగ్గా పనిచేసే ఫ్రీక్వెన్సీ) కిందికి జారుతుంది. కాళ్ల మధ్య కోణం 90 డిగ్రీలకు తగ్గకూడదు. చివర్లు మనిషి తలకు అందనంత ఎత్తులో ఉండాలి, ఎందుకంటే ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు వోల్టేజీ ఎక్కువ ఉండేది అక్కడే. బీచ్‌కి వచ్చే పిల్లలకు వేలాడే తాడు కనపడితే లాగకుండా ఉండరు. చివర్లకు ఎర్ర గుడ్డ కట్టి, ఒక మనిషిని అక్కడే నిలబెట్టండి.

ఫాక్స్ హంట్‌కి (దాచిన ట్రాన్స్‌మిటర్‌ని సిగ్నల్ దిక్కు పట్టి వెతికే ఆటకి) కూడా కొత్తపట్నమే మంచిది. ఊళ్లో పెడితే గోడల మీద కొట్టుకుని సిగ్నల్ నాలుగు దిక్కుల నుంచి వస్తుంది, కొత్తవాళ్లు విసిగిపోతారు. తోపులో దారి సూటిగా దొరుకుతుంది. 145 మెగాహెర్ట్జ్‌లో చిన్న ట్రాన్స్‌మిటర్‌ని దాచి, వెతికేవాళ్ల చేతికి టేపు యాగీ (ఒక దిక్కుకు గురిపెట్టే యాంటెన్నా) ఇస్తే చాలు. వడ్రంగి వాడే ఇనుప టేపు, పీవీసీ పైపు ఉంటే గంటలో తయారవుతుంది: వెనకుండే రిఫ్లెక్టర్ 105 సెంటీమీటర్లు, మధ్యలో 45 సెంటీమీటర్ల ముక్కలు రెండు, ముందుండే డైరెక్టర్ 89. రిఫ్లెక్టర్ నుంచి మధ్యదానికి 20, అక్కణ్నుంచి డైరెక్టర్‌కి 32 సెంటీమీటర్ల ఎడం. మధ్య ముక్కల మీద పసుపు రంగు పూర్తిగా గీకకుండా సోల్డర్ పెడితే అతుకు నిలవదు, సగం యాగీలు పాడయ్యేది అక్కడే. వెతికేవాళ్లు దగ్గరికొచ్చేసరికి మీటర్ నిండిపోయి దిక్కు తెలియదు. అప్పుడు ట్యూనింగ్‌ని 5, 10 కిలోహెర్ట్జ్ పక్కకు జరపాలి. ఇంకా దగ్గరైతే యాంటెన్నా తీసేసి హ్యాండీని (చేతిలో పట్టే రేడియోని) ఛాతీకి ఆనించి గుండ్రంగా తిరగండి. సిగ్నల్ బాగా తగ్గిన క్షణంలో నక్క, అంటే దాచిన ట్రాన్స్‌మిటర్, మీ వీపు వెనక ఉన్నట్టు.

వీహెచ్‌ఎఫ్ (145 మెగాహెర్ట్జ్ లాంటి, సూటిగా పోయే తరంగాలు) కోసం వచ్చేవాళ్లు మాత్రం కొండలెక్కాలి. ఎత్తు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో క్షితిజం (సిగ్నల్ సూటిగా అందే హద్దు) కిలోమీటర్లలో వస్తుంది. మైపాడులో 9 మీటర్ల గడకు 12 కిలోమీటర్లు. నెల్లూరులో 16 మీటర్ల ఎత్తు డాబా మీద యాంటెన్నా ఉంటే దానికి 16. రెండూ కలిపితే 28, అందుకే మైపాడు నుంచి నెల్లూరు అందుతుంది, అదే నెల్లూరులో వీధిలో నిలబడ్డ హ్యాండీకి అందదు. ఇక ఉదయగిరి దుర్గం 900 మీటర్ల పైమాటే. అక్కణ్నుంచి లెక్క 120 కిలోమీటర్లు దాటుతుంది. అడ్డు కొండ లేని వైపుకు 5 వాట్ల హ్యాండీ చాలు. కృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఈ కోట తీసుకోవడానికి నెలల తరబడి ముట్టడి చెయ్యాల్సి వచ్చిందంటే ఎక్కేవాళ్లకు ఆశ్చర్యం కలగదు. పైకి మోసేది మనిషికి 8 కిలోలు మించకూడదు, అందులో నీళ్లే 4 లీటర్లు. పైన నీడ తక్కువ. తెల్లవారుజామున మొదలుపెట్టి, పదిన్నరకల్లా పని ముగించి, దిగడం మొదలుపెట్టాలి. దారి తెలిసిన స్థానికుడు ఒకరు తోడు లేకుండా వెళ్లొద్దు. 12 వోల్టుల చిన్న బ్యాటరీ, 3 ఎలిమెంట్ల టేపు యాగీ, అంతే. హెచ్‌ఎఫ్ (7, 14 మెగాహెర్ట్జ్ లాంటి దూరపు బ్యాండ్ల) రిగ్, అంటే పెద్ద రేడియో సెట్, పైకి మోయడం వృథా, ఆ పని కింద ఊళ్లోనే అవుతుంది.

అంత ఎక్కలేని వాళ్లకు నెల్లూరు పక్కనే నరసింహకొండ ఉంది. పైదాకా వాహనం వెళ్తుంది, పెన్న కనపడుతుంది, ఊరంతా ఎదురుగా ఉంటుంది. కొత్త సభ్యులకు మొదటి క్యూఎస్ఓ (ఇంకో స్టేషన్‌తో సంభాషణ) చేయించడానికి ఇంతకంటే తేలికైన చోటు లేదు. గుడి ఆవరణలో గడలు, తీగలు వద్దు. దర్శనానికి వచ్చినవాళ్లకు అడ్డం లేకుండా పార్కింగ్ చివర కారు మీద మాగ్నెట్ యాంటెన్నాతోనే సరిపెట్టుకోవాలి.

పెంచలకోన గురించి చాలామంది నిరాశగా మాట్లాడతారు. హ్యాండీలో ఒక్క స్టేషనూ రాదు, ఎందుకంటే గుడి చుట్టూ కొండలు గిన్నెలా మూసేశాయి. కానీ అదే గిన్నె ఊళ్ల నాయిస్‌ని కూడా బయటే ఆపుతుంది. అక్కడ 40 మీటర్ల డైపోల్‌ని ఎత్తుగా కాదు, 5 మీటర్ల ఎత్తులోనే కట్టండి. సిగ్నల్ దాదాపు నిట్టనిలువుగా పైకి వెళ్లి, అయనోస్ఫియర్ నుంచి గొడుగులా చుట్టూ 300, 400 కిలోమీటర్ల మేర దిగుతుంది. చెన్నై, తిరుపతి, విజయవాడ పగలంతా స్పష్టంగా వస్తాయి. తుఫాను సమయంలో రిపీటర్లు (హ్యాండీల సిగ్నల్‌ని అందుకుని తిరిగి దూరానికి పంపే స్టేషన్లు), సెల్ టవర్లు పడిపోయినప్పుడు పనికొచ్చేది ఈ పద్ధతే కాబట్టి, క్లబ్బులు అత్యవసర డ్రిల్ చెయ్యాల్సింది ఇక్కడ. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న హామ్‌ల బృందం హెచ్‌ఎఫ్ మీదే క్షేమ సమాచారాలు బయటికి పంపింది. చుట్టూ ఉన్నది పెనుశిల నరసింహ అభయారణ్యం. గుడి పరిసరాలు దాటి అడుగు వెయ్యాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి, అడవి చెట్లకు తాళ్లు విసరకూడదు. కోతులు కోయాక్స్ లాగేస్తాయి, అరటిపండ్లు ఉన్న సంచి రిగ్ పక్కన పెట్టొద్దు. శనివారాలు, వైశాఖంలో బ్రహ్మోత్సవాల రోజులు మానుకుంటే సత్రంలో గది దొరుకుతుంది.

భైరవకోనకు ఒంగోలు నుంచి వెళ్లే దారి చీమకుర్తి మీదుగా. ఇక్కడ ఒక హెచ్చరిక. గ్రానైట్ క్వారీల్లో విద్యుత్ డిటొనేటర్లు వాడే చోట వాటి వైర్లు యాంటెన్నాలా పనిచేసి మన సిగ్నల్‌ని పట్టుకోవచ్చు. బ్లాస్టింగ్ బోర్డు కనిపిస్తే కారులోని మొబైల్ రిగ్, హ్యాండీలు అన్నీ ఆఫ్ చెయ్యాలి, ఆ ప్రాంతం దాటాకే మళ్లీ వెయ్యాలి. భైరవకోనలో ఒకే కొండను తొలిచిన ఎనిమిది గుహాలయాలు, వానాకాలంలో జలపాతం చూడ్డానికి ఎంతో బాగుంటాయి. రేడియోకి మాత్రం రాతినేల. పావు వేవ్ నిలువు యాంటెన్నా పెడితే సగం శక్తి ఆ రాతికే పోతుంది. డైపోల్ తప్ప ఇంకేదీ తీసుకెళ్లొద్దు. ఎంకే95 గ్రిడ్ కావాలనుకున్నవాళ్లకే ఈ ప్రయాణం తగినది.

పులికాట్, శ్రీహరికోట వైపు గడలెత్తే ఆలోచన వద్దు. పక్షుల చోటు ఒకటి, అంతరిక్ష కేంద్రం ఇంకొకటి. కృష్ణపట్నం ఓడరేవు పరిసరాలకూ ఇదే మాట. ఎక్కడికెళ్లినా లైసెన్స్ అసలు ప్రతి జేబులో ఉండాలి. లైసెన్సులో రాసిన చిరునామా కాక వేరేచోట నుంచి పనిచెయ్యడానికి నిబంధనలున్నాయి, వాటి ప్రకారం తెలపాల్సింది ముందే తెలపాలి. స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి ముద్ర వేయించుకున్న నకలు దగ్గర పెట్టుకుంటే తీరంలో గస్తీ వాళ్లు అడిగినప్పుడు ఇబ్బంది ఉండదు.

బస విషయానికి వస్తే, నెల్లూరు, ఒంగోలు లాడ్జిల్లో ఏసీ కంటే ముందు అడగాల్సింది పై అంతస్తు, డాబా తాళం. బోర్డు మీద మెరిసే ఎల్‌ఈడీలు, లిఫ్ట్ మోటారు, మెట్ల కింద ఇన్వర్టర్, ఈ మూడే నాయిస్‌కి మూలం. గది తీసుకునే ముందు ట్రాన్సిస్టర్ వేసి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. బీచ్ రిసార్టుల్లో జనరేటర్ వంటింటి వెనకే ఉంటుంది, దానికి దూరంగా ఉన్న గది అడగండి.

కరెంటు సంగతి: 12.8 వోల్టుల 20 ఆంపియర్-అవర్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ, రిగ్‌ని 30 వాట్లకు తగ్గిస్తే ఒక పూటకు సరిపోతుంది. 100 వాట్లకు పెంచితే 20 ఆంపియర్లు లాగుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు 3 మీటర్లు వాడితే రానుపోను 0.9 వోల్టు అందులోనే పోయి, మాట మధ్యలో రిగ్ ఆగిపోతుంది. బ్యాటరీ పాడైందనుకుని మార్చేవాళ్లు ఎక్కువ, మార్చాల్సింది వైరు. 6 చదరపు మిల్లీమీటర్లది వాడితే నష్టం 0.4 వోల్టు లోపే. వీహెచ్‌ఎఫ్‌లో సన్నటి ఆర్‌జీ-58 కోయాక్స్ 20 మీటర్లుంటే సగానికి పైగా పవర్ కేబుల్‌లోనే కరిగిపోతుంది. లావుపాటి ఆర్‌జీ-213 బరువెక్కువైనా మోయండి.

కాలం విషయంలో డిసెంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా మేలు. అక్టోబరు నుంచి తుఫాన్లు, ఏప్రిల్ నుంచి పిడుగుల గరగర, మే నెలలో ఒంగోలు ఎండ. దూరాన ఉరుము వినపడినా గడ దించేయాలి. లాగ్ బుక్ (సంభాషణల చిట్టా) యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో, రాస్తున్నప్పుడు మన ఉదయం 5:30కి అక్కడ తేదీ మారుతుందని గుర్తుంచుకోండి. మైపాడులో వేకువన 5 గంటలకు చేసిన క్యూఎస్ఓకి ముందురోజు తేదీ వెయ్యాలి, లేదంటే అవతలి స్టేషన్ లాగ్‌తో మీది కలవదు.