ఎనిమిదో తరగతిలోనే కెరీర్ సంతకం: మా స్కూలు ‘పాత్‌వే’ సర్వీసు మీద నా రివ్యూ

మేముండేది టెక్సస్‌లో, డల్లాస్ శివార్లలో. మా అమ్మాయి ఇక్కడి పబ్లిక్ స్కూల్లో ఎనిమిదో తరగతి. ఈ ఏడాది స్కూలు వాళ్లు పెట్టిన కెరీర్ పాత్‌వే సర్వీసు, అంటే హైస్కూల్లో ఏ రంగం వైపు వరస కోర్సులు చేయాలో ముందే తేల్చే ఏర్పాటు, మొదటి నుంచి చివరిదాకా చూశాం. ఆన్‌లైన్ పరీక్ష, కౌన్సిలర్‌తో మీటింగ్, హైస్కూలు నాలుగేళ్ల ప్లాను, చివర్లో మా సంతకాలు. వచ్చే ఏడాది ఇదే పని పడే తెలుగువాళ్లు మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. సమాచారం ఇచ్చినందుకు 5కి 4. తప్పనిసరి చేసినందుకు 5కి 1.

ఇది ఒక్క మా స్కూలు పెట్టిన రూలు కాదు. 2013లో టెక్సస్ శాసనసభ హౌస్ బిల్ 5 పాస్ చేసింది. 2014-15లో తొమ్మిదిలో చేరిన పిల్లల దగ్గర్నుంచి అమల్లోకి వచ్చింది. తొమ్మిదిలో అడుగుపెట్టే ప్రతి పిల్లా పిల్లాడూ ఐదు ఎండార్స్‌మెంట్లలో (డిప్లొమాకు తోడయ్యే ప్రత్యేక రంగాలు) ఏది కావాలో రాసివ్వాలి: స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు), బిజినెస్ అండ్ ఇండస్ట్రీ, పబ్లిక్ సర్వీసెస్, ఆర్ట్స్ అండ్ హ్యుమానిటీస్, మల్టీడిసిప్లినరీ స్టడీస్. మామూలు హైస్కూలు డిప్లొమాకు 22 క్రెడిట్లు (పూర్తి చేసిన కోర్సులకు వచ్చే పాయింట్లు), ఎండార్స్‌మెంట్ ఉంటే 26. ఏదీ వద్దనుకున్నా వెంటనే కుదరదు. పదో తరగతి అయ్యాక, కౌన్సిలర్ చెప్పేది విని, అమ్మానాన్నలు ఫారం మీద సంతకం పెడితేనే కుదురుతుంది. ఈ బిల్లు చేసిన మేలూ ఉంది. అంతకుముందు పిల్లల నెత్తిన ఉన్న 15 ఎండ్ ఆఫ్ కోర్స్ పరీక్షలను (కోర్సు చివర రాష్ట్రం పెట్టేవి) 5కి తగ్గించింది. ఆ టెన్షన్ తగ్గినందుకు నాకు నిజంగా సంతోషమే. నా గొడవంతా ఆ రాసివ్వడం దగ్గరే.

ఆన్‌లైన్ పరీక్ష దగ్గర మా అమ్మాయి పక్కనే కూర్చున్నాను. ఫలానా పని చేయడం నీకు ఇష్టమా అని ఒకదాని తర్వాత ఒకటి ప్రశ్నలు వస్తాయి. పేషెంట్ రికార్డులు చూడటం ఇష్టమా? ఫ్యాక్టరీలో మెషీన్ నడపడం ఇష్టమా? ఇవేవీ జన్మలో చూడని పిల్ల ఏం చెప్తుంది? ఒక్కో ప్రశ్నకీ నా మొహంలోకి చూసి ‘అమ్మా, ఇదేంటి?’ అంది. నేను చెప్పిన తీరును బట్టి నొక్కింది. అంటే వచ్చిన ఫలితంలో సగం దాని ఇష్టం, సగం నా గొంతు. చివరికి హెల్త్ సైన్స్ అని వచ్చింది. ఆ తర్వాతి పేజీలో ఎండార్స్‌మెంట్ ఎంచుకునే డబ్బా ఉంది. అది ఖాళీగా వదిలేస్తే సేవ్ బటన్ పని చేయలేదు. ‘ఇంకా అనుకోలేదు’ అనే ఆప్షన్ ఎక్కడా లేదు.

ఇలాంటి పరీక్షలంటే నాకు వ్యతిరేకత లేదు. అమెరికా కార్మిక శాఖ వాళ్ల ఓ-నెట్ ఇంట్రెస్ట్ ప్రొఫైలర్ ఉచితంగానే దొరుకుతుంది. 60 ప్రశ్నలు. జీతం గురించీ చదువు గురించీ ఆలోచించకుండా, ఇష్టమా కాదా అన్నది మాత్రమే చెప్పమంటుంది. మా అమ్మాయి అది కూడా సరదాగా చేసింది. రాత్రి భోజనాల దగ్గర మంచి కబుర్లు నడిచాయి. దాంట్లో వచ్చిన జవాబును బట్టి ఎవరూ దాని టైంటేబుల్ మార్చలేదు. కబుర్లు మొదలుపెట్టడానికి పనికొచ్చే ప్రశ్నలతో క్లాసులు నిర్ణయిస్తే ఎలా అన్నదే నా అభ్యంతరం.

ఆ క్లాసుల లెక్క కౌన్సిలర్ మీటింగులో తేలింది. మా హైస్కూల్లో రోజుకు ఏడు పీరియడ్లు. ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్, సోషల్ నాలుగు పోయాయి. స్పానిష్ ఒకటి. మా అమ్మాయి ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయిస్తుంది, అది ప్రతి ఏడూ ఒక పీరియడ్. మిగిలింది ఒక్కటి. హెల్త్ సైన్స్ పాత్‌వేలో ఏడాదికో కోర్సు వరసగా చేయాలి, అది ఆ ఒక్కదాన్నీ మింగేస్తుంది. మరి పీఈ (ఆటలు, వ్యాయామం క్లాసు)? దాన్ని వేసవిలో చేయొచ్చన్నారు. నాటకాల క్లాసు చేరాలని ఆశపడుతోందని చెబితే కౌన్సిలర్ పాపం చాలాసేపు షెడ్యూలు అటూ ఇటూ జరిపి చూసింది, కుదరలేదు. ఆవిడ మంచి మనిషి. వందలమంది పిల్లల ఫైళ్లు ఆవిడ చేతిలో ఉన్నాయి, అయినా మాకు ఓపిగ్గా చెప్పింది. ఆ నాలుగు మార్కులు ఆవిడకే.

‘ఎప్పుడైనా మార్చుకోవచ్చు కదా’ అని అందరూ అంటారు. చట్టం కూడా అదే అంటుంది, ఎండార్స్‌మెంట్ ఎప్పుడైనా మార్చుకునే వీలు ఇవ్వాలని. కానీ పాత్‌వేలో మూడో కోర్సు చేయాలంటే మొదటి రెండూ అయి ఉండాలి. పదకొండులో మనసు మారిన పిల్ల తొమ్మిదో తరగతి వాళ్ల మధ్య కూర్చుని మొదటి కోర్సు చేయాలి. ఎంతమంది చేస్తారు?

ఆల్జీబ్రా 2 అనే పైస్థాయి లెక్కల కోర్సు సంగతి ఇంకా ముఖ్యం. ఈ బిల్లు వచ్చాక అది అందరికీ తప్పనిసరి కాదు. కానీ డిప్లొమాలో పైమెట్టు అయిన డిస్టింగ్విష్డ్ లెవెల్‌కు కావాలి. ఆ లెవెల్ ఉంటేనే తమ క్లాసులో టాప్ 10 శాతంలో ఉన్న పిల్లలకు రాష్ట్ర యూనివర్సిటీలు ఇచ్చే ఆటోమేటిక్ అడ్మిషన్‌కు పోటీ పడొచ్చు. ఈ ముడి తెలిసిన ఇళ్లలో పిల్లలకు ఇబ్బంది ఉండదు. ఇంగ్లిష్ రాని అమ్మానాన్నలు, రెండు షిఫ్టులు చేసి మీటింగుకు రాలేనివాళ్లు, ఫారం మీద ఏది కనిపిస్తే దానికి సంతకం పెడతారు. మా మీటింగ్ రోజు కాఫెటీరియాలో సగం కుర్చీలు ఖాళీ. తప్పనిసరి దారుల దెబ్బ ఎక్కువగా తగిలేది ఆ ఖాళీ కుర్చీల వాళ్ల పిల్లలకే.

స్కూళ్లు ఎందుకింత పట్టుబడతాయంటే, కారణం లెక్కల్లోనే ఉంది. రాష్ట్రం స్కూళ్లకు ఇచ్చే ఏ నుంచి ఎఫ్ గ్రేడుల్లో కాలేజీ, కెరీర్, మిలిటరీ రెడీనెస్ కూడా ఒక భాగం. పిల్లలు తెచ్చుకునే ఇండస్ట్రీ సర్టిఫికెట్లు అందులోకే వస్తాయి. కెరీర్ కోర్సుల్లో ఉన్న పిల్లలకు అదనపు నిధులూ వస్తాయి. వెల్డింగ్ నేర్చుకుని హాయిగా స్థిరపడిన పిల్లలు మా వీధిలోనే ఉన్నారు, ఆ క్లాసులు ఉండాల్సిందే. కోరుకున్నవాడికి ఇవ్వండి. కోరని పిల్లచేత రాయించుకోకండి.

మా తెలుగు వాట్సాప్ గ్రూపులో అడిగితే ‘అక్కా, ఆలోచించకుండా స్టెమ్ పెట్టేయండి’ అన్నారు. నేనూ అలా పెట్టేసిన ఇంట్లోంచే వచ్చాను. పది అవగానే బైపీసీ, తర్వాత ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ. ఇవాళ చేస్తున్నది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. నా తోటి బైపీసీ వాళ్లలో బ్యాంకులో ఉన్నవాళ్లూ, బడిపంతుళ్లూ, బొటీక్ పెట్టినవాళ్లూ ఉన్నారు. మాకైనా పదో తరగతి దాకా ఆగారు. ఇక్కడ అంతకన్నా రెండేళ్ల ముందే అడుగుతున్నారు.

మీ వంతు వస్తే ఏం చేయాలంటే, పిల్లకు స్పష్టమైన ఇష్టం లేకపోతే మల్టీడిసిప్లినరీ రాయండి. నాలుగు ప్రధాన సబ్జెక్టుల్లో నాలుగేసి క్రెడిట్లతో, ఇంగ్లిష్ 4తో పాటు కెమిస్ట్రీ లేదా ఫిజిక్స్ చేసి ఆ ఎండార్స్‌మెంట్ తెచ్చుకోవచ్చు. దాంతో ఆల్జీబ్రా 2 తప్పకుండా పెట్టించండి. మేం అదే చేశాం. వయొలిన్ ఉంది, తొమ్మిదిలో నాటకాల క్లాసు కూడా కుదిరింది, పీఈ వేసవికి జరిగింది. సంతకం పెట్టే ముందు నాలుగేళ్ల ప్లాను కాపీ ఇంటికి తెచ్చుకుని చదవండి. అక్కడికక్కడే పెట్టమంటే పెట్టకండి.

ఫారంలో ‘ఇంకా నిర్ణయించుకోలేదు’ అనే గడి పెట్టమని, ఎంపికను పదో తరగతి చివరికి జరిపేలా రాష్ట్రాన్ని కోరమని వచ్చే స్కూల్ బోర్డు మీటింగులో అడగబోతున్నాను. ఎవరైనా పేరు రాయించుకుని మాట్లాడొచ్చు. మా డిస్ట్రిక్ట్‌లోనే ఉన్నవాళ్లు కలిసి వస్తే బాగుంటుంది.